చెట్టు మంచె కొనేముందు: అమెరికాలో జింక వేటకు వెళ్లే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రీస్టాండ్ అంటే మన మంచేనా?

పని దాదాపు అదే, కట్టుబడి వేరు. జొన్నచేలో మంచె నాలుగు గుంజల మీద తన కాళ్లపై తాను నిలబడుతుంది. ఎక్కినవాడు వడిసెల తిప్పుతూ పిట్టల్ని తోలుతాడు, కేకలేస్తాడు, కదులుతాడు. ట్రీస్టాండ్ ఒకే ఒక్క చెట్టు కాండాన్ని పట్టుకుని ఉంటుంది. ఎక్కినవాడు 15 నుంచి 20 అడుగుల ఎత్తున, రెండు చేతుల వెడల్పు కూడా లేని ఇనుప పలక మీద, తెల్లవారకముందు నుంచి చడీచప్పుడు లేకుండా కూర్చోవాలి. చలికి కాళ్లు మొద్దుబారతాయి, కునుకు పడుతుంది. పడిపోవడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ రాసేదంతా అమెరికా సంగతి. ఇండియాలో వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఊళ్లో చేనికాపలాకు మంచె వేసుకోవచ్చు గానీ, ఆ మంచె మీద నుంచి జింకనో దుప్పినో కొట్టడం జైలు దారి.

ఎన్ని రకాలున్నాయి? మొదటిసారి కొనేవాళ్లకు ఏది?

మొదటిసారైతే నిచ్చెన మంచె, అంటే ల్యాడర్ స్టాండ్. దీనికి నేల నుంచి సీటు దాకా నిచ్చెన ఉంటుంది, పైన కూర్చునే చోటు చుట్టూ కడ్డీ ఉంటుంది. బరువు 60 నుంచి 100 పౌండ్లు. ఒకసారి పెడితే సీజనంతా అక్కడే.

హ్యాంగ్-ఆన్ అంటే పట్టీతో కాండానికి బిగించే చిన్న పలక, సీటు. ఎక్కడానికి క్లైంబింగ్ స్టిక్స్, అంటే కాండానికి కట్టే మెట్ల ముక్కలు, విడిగా కొనాలి. క్లైంబర్ రెండు ముక్కలుగా ఉంటుంది. సీటు ముక్కను పైకి జరిపి, పాదాలతో పలక ముక్కను లాగుతూ గొంగళిపురుగులా ఎక్కుతారు. శాడిల్‌లో సీటే ఉండదు. నడుము, తొడల చుట్టూ ఉండే వల లాంటి పట్టీలో చెట్టుకు వాలి వేలాడతారు. తేలిక, మోసుకెళ్లడం సులువు. కానీ తాళ్లు, ముడులు చేతికి అలవాటైనవాళ్లకే. మొదటి ఏడాదే శాడిల్ కొనొద్దు, యూట్యూబ్‌లో ఎంత సులువుగా కనిపించినా సరే.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

పెద్ద దుకాణాల్లో సుమారు ధరలు ఇలా ఉంటాయి. ఒక్కరు కూర్చునే నిచ్చెన మంచె 120 నుంచి 250 డాలర్లు. హ్యాంగ్-ఆన్ 70 నుంచి 200, దానికి స్టిక్స్ మరో 80 నుంచి 150. క్లైంబర్ 200 నుంచి 450. శాడిల్ పూర్తి సెట్టు 250 పైనే. మంచి హార్నెస్, అంటే పడితే ఆపేలా ఒంటికి తొడుక్కునే పట్టీల కట్టు, 60 నుంచి 130. లైఫ్‌లైన్ తాడు, అంటే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు హార్నెస్ తగిలించుకునే తాడు, 30 నుంచి 45.

చాలామంది మంచె మీద డబ్బంతా పెట్టి, మిగిలిన చిల్లరతో తాడు కొంటారు, లేదా అసలు కొనరు. తిరగేయండి. జేబులో 250 డాలర్లే ఉంటే ముందు లైఫ్‌లైన్‌కు 35, మీట ఆడించి బిగించే అదనపు రాచెట్ పట్టీలకు 20 పక్కన పెట్టి, మిగతా దాంట్లో దొరికే నిచ్చెన మంచె కొనండి. 400 డాలర్ల అల్యూమినియం క్లైంబర్ మీద తాడు లేకుండా కూర్చున్నవాడి కంటే, 130 డాలర్ల ఇనుప నిచ్చెన మీద తాడు కట్టుకున్నవాడే క్షేమంగా ఇంటికొస్తాడు. సీజను ముగిశాక జనవరి, ఫిబ్రవరిలో దుకాణాలు సరుకు వదిలించుకుంటాయి. తొందర లేకపోతే కొనాల్సింది అప్పుడే.

డబ్బా మీద ఏం చూడాలి?

మూడు చూడండి. ఒకటి, టీఎంఏ గుర్తు. ట్రీస్టాండ్ మాన్యుఫ్యాక్చరర్స్ అసోసియేషన్ అని తయారీదార్ల సంఘం ఉంది. ఆ గుర్తుంటే ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ నియమాల ప్రకారం పరీక్షించిన సరుకని అర్థం. రెండు, బరువు పరిమితి. మూడు, లోపల ఒళ్లంతా పట్టే హార్నెస్ ఉందా లేదా. నడుముకో ఛాతీకో కట్టే ఒంటి బెల్టుతో ఎవరైనా అమ్మజూపితే తీసుకోవద్దు. పడినప్పుడు అది చంకల్లోకో డొక్కల్లోకో బిగుసుకుని ఊపిరి ఆడనివ్వదు.

కొన్నాక మోడల్ నంబరుతో కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ వెబ్‌సైట్‌లో రీకాల్ (లోపముందని సరుకును వెనక్కి పిలవడం) ఉందేమో వెతకండి. రెండు నిమిషాల పని.

300 పౌండ్లు అని ఉంది. నేను 190 పౌండ్లే కదా, చూసుకోనక్కర్లేదుగా?

190 అనేది బాత్‌రూమ్ తూకం మీద చెప్పులు కూడా లేకుండా. నవంబర్‌లో చలికోటు, బూట్లు, సంచి, నీళ్లు, రైఫిలు కలిపితే సులువుగా మరో 30 పౌండ్లు. ఆ 300 పౌండ్ల పరిమితి (సుమారు 136 కిలోలు) వీటన్నిటితో కలిపే. ఒళ్లు 260 దాటినవాళ్లు ఎక్కువ పరిమితి ఉన్న మోడల్ తీసుకోవాలి.

హార్నెస్‌కు కింది హద్దు కూడా ఉంటుందని చాలామందికి తెలియదు. పెద్దల హార్నెస్‌లు ఎక్కువగా 130 పౌండ్ల నుంచి మొదలవుతాయి. సన్నగా ఉన్నవాళ్లు, పిల్లలు తమ బరువుకు సరిపోయేదే వాడాలి.

మంచెతో ఉచితంగా వచ్చే హార్నెస్ పనికొస్తుందా?

పనికొస్తుంది. అది కూడా పరీక్షించినదే. దాని చిక్కు వేరు. పట్టీలన్నీ ఒకే రంగులో, చిక్కుపడిన దారపుండలా వస్తాయి. తెల్లవారుజామున చీకట్లో, చలికి వంకర్లుపోయిన వేళ్లతో అది విప్పలేక "ఈ ఒక్కరోజుకి ఏం కాదులే" అనుకుని బండిలో వదిలేస్తారు. జాకెట్టులా తొడుక్కునే రకం కొంటే ఆ సాకు ఉండదు. డబ్బు పెట్టేది అందుకే.

తొడుక్కున్నాక తొడ పట్టీల కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. హార్నెస్ నుంచి చెట్టుకు కట్టే పొట్టి తాడు, టెథర్, వీపు వైపు, భుజాల మధ్య నుంచి రావాలి. ముందు ఇంట్లో దీపం ఆర్పేసి రెండుమూడుసార్లు తొడిగి చూడండి. హార్నెస్ మీద కుట్టిన తేదీ చీటీ ఉంటుంది. సాధారణంగా 5 ఏళ్లు దాటితే పారేయాలి. ఒక్కసారి పడి అది మిమ్మల్ని ఆపితే, చూడ్డానికి కొత్తగా ఉన్నా దాని పని అయిపోయినట్టే.

టెథర్ చెట్టుకు ఎంత ఎత్తులో కట్టాలి?

కూర్చున్నప్పుడు తల దగ్గర, లేదా ఇంకాస్త పైన. కూర్చుంటే తాడు దాదాపు బిర్రుగా ఉండాలి. నడుము ఎత్తులో కడితే ఏమవుతుందో లెక్కేయండి. జారినప్పుడు కట్టు దాకా దిగి, అక్కడి నుంచి టెథర్ పొడవంతా కింద పడతారు. ఆగేసరికి పలక మీ తల పైన ఉంటుంది, చేతికందదు. తల ఎత్తులో కడితే పలక నడుము దగ్గరే ఉంటుంది. చెయ్యి వేసి, కాలు పెట్టి మళ్లీ ఎక్కొచ్చు.

లైఫ్‌లైన్ అంటే ఏమిటి? హార్నెస్ ఉంటే చాలదా?

పైకి వెళ్లాక హార్నెస్ తగిలించుకుంటే సరిపోతుందనుకోవడమే అసలు పొరపాటు. పడేది ఎక్కువగా కూర్చున్నప్పుడు కాదు. ఎక్కుతూ, దిగుతూ, నిచ్చెన మీద నుంచి పలక మీదికి అడుగు మారుస్తూ పడతారు. ఆ వేళలో హార్నెస్ ఒంటి మీద ఉండి చెట్టుకు తగిలించి లేకపోతే అది బరువైన చొక్కా, అంతే.

లైఫ్‌లైన్ సుమారు 30 అడుగుల తాడు. పై కొసను సీటు కన్నా పైన, నిలబడి చెయ్యి చాపితే అందేంత ఎత్తులో కాండానికి చుట్టి బిగిస్తారు. కింది కొసను చెట్టు మొదట్లో కడతారు. దాని మీద ప్రూసిక్ ముడి అనే చిన్న ఉచ్చుతాడు ఉంటుంది. ఆ ముడిని చేత్తో పట్టి జరిపితే జరుగుతుంది, ఒక్కసారిగా బరువు పడితే పెద్ద తాడును కరిచి పట్టుకుంటుంది. హార్నెస్ టెథర్‌ను కారబీనర్ కొక్కెంతో ఆ ముడికి తగిలించి, ఎక్కుతున్నకొద్దీ ముడిని తల కన్నా పైకి జరుపుకుంటూ పోవాలి. నేల మీద తగిలిస్తే, మళ్లీ నేల మీదికి వచ్చాకే విప్పాలి.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. ముడిని వెనకే వదిలేసి నాలుగు మెట్లు ఎక్కడం, దాంతో పడితే దూరం పెరుగుతుంది. రెండోది, పాతబడి గాజులా నున్నగా మెరిసే ప్రూసిక్ తాడునే వాడుతూ ఉండటం. నునుపెక్కితే పట్టు ఉండదు, మార్చేయాలి.

ఎలాంటి చెట్టు చూసుకోవాలి?

బతికున్నది, నిటారుగా ఉన్నది. నిచ్చెన మంచెలకు మామూలుగా కనీసం 9 అంగుళాల మందం అడుగుతారు, క్లైంబర్లకు 8 నుంచి 20 అంగుళాల మధ్య. మీ మాన్యువల్‌లో ఉన్న అంకే మీకు ప్రమాణం. మందం మంచె ఉండే ఎత్తులో చూడాలి, మొదట్లో కాదు.

పైకి చూడండి. ఆకులున్న కాలంలోనే చూస్తే ఎండిన కొమ్మ ఇట్టే తెలుస్తుంది. తొర్రలు, మొదట్లో పుట్టగొడుగులు, ఊడుతున్న బెరడు కనిపిస్తే వదిలేయండి. యాష్ చెట్లంటే మరీ జాగ్రత్త. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు మిడ్‌వెస్ట్, ఈశాన్య రాష్ట్రాల్లో వాటిని అడవులకు అడవులే చంపేసింది, చచ్చిన యాష్ పెళుసెక్కి హఠాత్తుగా విరుగుతుంది. షాగ్‌బార్క్ హికరీ బెరడు పెచ్చులుగా లేస్తుంది, క్లైంబర్‌కు పట్టు దొరకదు. కాండం మీద వెంట్రుకల తాడులా పాకిన తీగ కనిపిస్తే అది పాయిజన్ ఐవీ. చలికాలంలో ఆకు లేకపోయినా ముట్టుకుంటే దద్దుర్లు తప్పవు.

నిచ్చెన మంచె నిలబెట్టడం ఒక్కడి వల్ల అవుతుందా?

కాదు. ముగ్గురుండాలి. వీడియోల్లో ఒక్కడే లేపి పెడతాడు, మీరు చేయొద్దు.

ముందు నేల మీదే ముక్కలన్నీ కలిపి, ప్రతి కీలు దగ్గర పిన్నులు, బోల్టులు పెట్టండి. పట్టీలు, తాళ్లు కూడా నేల మీదే తగిలించేయాలి. తర్వాత ఇద్దరు లేపుతుంటే ఒకరు కాళ్లు జారకుండా అదిమి పట్టాలి. కాళ్లు సమమైన నేల మీద ఉండాలి. ఒక కాలు గుంటలో, ఒకటి రాయి మీద ఉంటే బరువు పడగానే నిచ్చెన మెలి తిరుగుతుంది. నిచ్చెనను చెట్టుకు కలిపే మధ్య కడ్డీని నేల మీద నుంచి అందినంత ఎత్తులో బిగించండి. సీటు దగ్గర నుంచి వేలాడే రెండు తాళ్లను చెట్టు వెనక కత్తెరలా అడ్డంగా మార్చి, కిందే నిలబడి గట్టిగా కట్టండి.

ఇక పై రాచెట్ పట్టీ. అది బిగించడానికి ఎవరో ఒకరు ఎక్కాలి, అప్పటికి పైన గట్టి బంధం ఏదీ లేదు. ఈ పని మొత్తంలో ప్రమాదకరమైన ఐదు నిమిషాలు ఇవే. ఎక్కేవాడు హార్నెస్‌తో, చెట్టు చుట్టూ తిప్పుకునే లైన్‌మన్ బెల్టుతో ఎక్కాలి. కిందున్న ఇద్దరూ నిచ్చెనను చెట్టు వైపు అదిమి పట్టుకోవాలి, ఫోన్ చూడకూడదు. పట్టీ బిగించాక అక్కడే లైఫ్‌లైన్ కట్టేసి దిగాలి. మళ్లీ ఎవరు ఎక్కినా దాని మీదే.

హ్యాంగ్-ఆన్ వాడేవాళ్లు ఎక్కడ పడతారు?

చివరి స్టిక్‌కూ పలకకూ మధ్య. డబ్బు ఆదా అని మూడే స్టిక్స్ కొంటారు, పలక వాటికన్నా పైన పడుతుంది. అప్పుడు ఒక కాలు స్టిక్ మీద, రెండోది పలక అంచు మీద పెట్టి ఒళ్లును పైకి లాక్కోవాలి. చేతికి పట్టు లేదు, మంచుకు పలక జారుతోంది, బరువంతా ఒక్క మడమ మీద ఉంది. సరైన పద్ధతి దీనికి ఎదురు. చివరి స్టిక్ పై మెట్టు పలక కన్నా ఎత్తులో ఉండాలి. పక్కకు తిరిగి పలక మీదికి దిగాలే తప్ప ఎక్కకూడదు. అందుకే నాలుగో స్టిక్ కొనండి.

పలకను బిగించేటప్పుడు పట్టీ ఎంత లాగినా మొదట కొంచెం కదులుతుంది. తాడు కట్టుకునే ఉండి, పలక ముందు అంచును గట్టిగా కిందికి తొక్కితే దంతాలు బెరడులోకి దిగి కుదురుకుంటుంది. అలా దిగకపోతే పట్టీ మళ్లీ విప్పి బిగించాలి.

క్లైంబర్‌లో జాగ్రత్తలు?

రెండు ముక్కల్నీ ఒక తాడుతో కలిపి కట్టాలి, ఎప్పుడూ. పాదాల నుంచి జారి పలక నేల మీద పడితే మీరు సీటు ముక్క మీద వేలాడుతూ అక్కడే ఉండిపోతారు. చెట్టు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి కింద మొదలుపెట్టేటప్పుడు పలక ముందు అంచు కాస్త పైకి లేచి ఉండేలా కేబుల్ సర్దుకోవాలి. కింద సమంగా పెడితే 18 అడుగుల దగ్గర అది ముందుకు వాలిపోతుంది. ప్రతి రెండు అడుగులకూ టెథర్‌ను పైకి జరుపుకోవాలి. వాన గడ్డకట్టిన నున్నటి బెరడు మీద ఆరోజు ఎక్కనే వద్దు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనొచ్చా?

క్రెయిగ్స్‌లిస్ట్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో 40 డాలర్లకే దొరుకుతాయి. మాన్యువల్ లేకుండా, మోడల్ నంబరు చీటీ చిరిగిపోయి ఉంటే తీసుకోకండి. రీకాల్ చూసుకునే దారి కూడా ఉండదు. ఉంటే వెల్డింగు జాయింట్ల దగ్గర గోరుతో గీకి చూడండి, రంగు కింద వెంట్రుకంత చీలిక కనిపిస్తే బేరం వద్దు. పట్టీలు, కేబుళ్లు, పిన్నులు కంపెనీవి కొత్తవి కొనాల్సిందే. ఆ ఖర్చు కలిపితే చాలాసార్లు కొత్తదానికీ దీనికీ తేడా 30 డాలర్లు కూడా ఉండదు. హార్నెస్ మాత్రం పాతది ఎన్నడూ కొనకూడదు.

చెక్కలు, మేకులతో సొంతంగా కట్టుకుంటే?

వద్దు. చెట్టు పెరుగుతుంది, గాలికి ఊగుతుంది. మేకు వదులవుతుంది, చెక్క లోపల నుంచి కుళ్లుతుంది. కిందటేడు మోసిన పలక ఈ ఏడు మోయదు. పాత ఇజారాదారు వదిలేసిన చెక్క మంచెలు పొలాల్లో కనిపిస్తుంటాయి, వాటినీ ఎక్కొద్దు.

ఏడాదంతా చెట్టుకే వదిలేయవచ్చా?

మంచె తుప్పు పట్టడానికి ఏళ్లు పడుతుంది, పట్టీకి ఒక ఎండాకాలం చాలు. ఎండకు నారపట్టీ రంగు వెలిసి అట్టలా గట్టిపడుతుంది. వంచితే గీతలు పడి, అంచుల్లో పోగులు లేస్తాయి. ఉడతలు ఉప్పటి చెమట వాసనకో మరెందుకో కొరుకుతాయి. పైగా చెట్టు లావెక్కి, విప్పని పట్టీని లోపల నుంచి తెగేదాకా సాగదీస్తుంది. సీజను అయిపోగానే దించేయడం మేలు. దించలేకపోతే పట్టీలు వదులు చేసి, మళ్లీ ఎక్కేముందు కొత్తవి వేయండి. పాత పట్టీ విప్పకుండానే పక్కన కొత్తది బిగించి, ఆ తర్వాతే పాతది తీయాలి.

రైఫిలు, విల్లు పైకి ఎలా చేర్చాలి?

భుజాన వేసుకుని ఎక్కొద్దు. పైకి వెళ్లి, తాడు తగిలించుకుని కూర్చున్నాక సన్నతాడుతో లాక్కోవాలి. రైఫిలులో తూటా ఉండకూడదు, చాంబరు ఖాళీగా ఉందని కంటితో చూసి, గొట్టం మీ వైపు తిరగకుండా కట్టాలి. మట్టి దూరకుండా గొట్టం మూతికి టేపు వేస్తే మంచిది. బాణాల మొనలకు తొడుగు తప్పనిసరి. క్రాస్‌బో అయితే బాణం పెట్టకుండా లాగాలి. దిగేటప్పుడు ఇదే వరస తిరగేసి.

పడి హార్నెస్‌లో వేలాడుతుంటే ఏం చేయాలి?

పడకపోవడం సగమే, దిగడం మిగతా సగం. కదలకుండా వేలాడితే తొడ పట్టీలు నొక్కి కాళ్లలో నెత్తురు నిలిచిపోతుంది. నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. హార్నెస్‌తో వచ్చే రిలీఫ్ పట్టీని ఉచ్చులా చేసి పాదం పెట్టి నిలబడండి. కాళ్లు సైకిలు తొక్కినట్టు ఆడిస్తూ ఉండండి. ఫోను, ఈల ముందు జేబులో ఉండాలి, సంచిలో కాదు. సంచి పైన కొక్కేనికి వేలాడుతుంటుంది. ఏ చెట్టు, ఎన్నింటికి దిగుతారు అన్నది ఇంట్లో ఒకరికి మ్యాపు పిన్నుతో సహా పంపి వెళ్లండి.

పిల్లల్ని తీసుకెళ్లవచ్చా?

ఇద్దరు కూర్చునే నిచ్చెన మంచె ఒక్కటే దారి. ఎక్కువగా 500 పౌండ్ల పరిమితితో వస్తాయి. పిల్లవాడికి విడి హార్నెస్, విడి లైఫ్‌లైన్. ఒకే తాడుకు ఇద్దర్నీ తగిలించకూడదు. ఎక్కేటప్పుడు వాడు ముందు, మీరు కింద నేల మీద ఉండి చూస్తూ ఉండండి. వాడు కూర్చున్నాకే మీరు ఎక్కాలి.

హెచ్‌-1బీ మీద ఉన్నాను. వేటకు వెళ్లొచ్చా?

నాన్‌ఇమిగ్రెంట్ వీసాలవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు ఉండటం. గడువు తీరితే మినహాయింపూ తీరుతుంది. స్నేహితుడి రైఫిలు కాసేపు పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది, సరదా అనుకోవద్దు. విల్లు, క్రాస్‌బో ఆ చట్టంలోని తుపాకీ నిర్వచనంలోకి రావు, కానీ వాటికీ రాష్ట్ర లైసెన్సు కావాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అంటే ఈ పేజీ చదివేవాళ్లలో దాదాపు అందరూ.

ప్రభుత్వ భూమిలో పెట్టవచ్చా?

రాష్ట్రాన్ని బట్టి, కొన్నిచోట్ల ఆ అడవిని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల మంచె మీద పేరు, చిరునామా లేదా లైసెన్సు నంబరు రాసి ఉండాలి. ఇంకొన్నిచోట్ల రాత్రి వదిలి రాకూడదు. నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లలో చెట్టుకు మేకు, మర, బోల్టు, తీగ వేసి మంచె కట్టడం నిషేధం, కాబట్టి స్క్రూ మెట్లు కొనకండి.

మాది టెక్సస్. ఇక్కడ చెట్లే పొట్టివి, ఎలా?

పశ్చిమ, దక్షిణ టెక్సస్‌లో ఎక్కువగా మెస్కీట్, అది వంకర తిరిగిన పొట్టి ముళ్లచెట్టు, మన సర్కారు తుమ్మకు దాయాది. దానికి ఏ ట్రీస్టాండూ నప్పదు. అక్కడివాళ్లు మూడు కాళ్ల ట్రైపాడ్ గానీ, కాళ్ల మీద నిలిచే పెట్టె లాంటి బాక్స్ బ్లైండ్ గానీ వాడతారు. చెట్టు అక్కర్లేని మంచె, మన జొన్నచేలో దానికి మరీ దగ్గర. ట్రైపాడ్ కాళ్లను నేలలో గూటాలు దిగేసి బిగించకపోతే గాలికి పడిపోతుంది.

నాకు ఎత్తంటే భయం. మంచె లేకుండా కుదరదా?

బాగా కుదురుతుంది. 60 నుంచి 150 డాలర్లలో గుడారం లాంటి పాప్-అప్ బ్లైండ్ దొరుకుతుంది. నేల మీద కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. లోపల నల్ల చొక్కా వేసుకోండి. గాలి మీ వైపు నుంచి జింకలు వచ్చే దారి మీదికి పోకుండా చోటు చూసుకోండి. వేట రోజుకు రెండుమూడు వారాల ముందే వేసి, చుట్టూ కొమ్మలు గుచ్చి వదిలేస్తే జింకలు దానికి అలవాటు పడతాయి. తుపాకీ సీజనులో మాత్రం గుడారం లోపలున్న మీరు ఇతర వేటగాళ్లకు కనబడరు కాబట్టి, నాలుగు వైపులా కనిపించేలా నారింజరంగు గుడ్డ బయట కట్టండి.